మాడిన మొలక

పడువాలో బండి ఆగి ఆరు గంటలు.
ముందు సొరంగం నోట్లో కొండరాయి పడిందట.
ఇనపరాయి మోసే యాభై ఎనిమిది వేగన్లు
పుష్యమాసపు మంచులో
తడిసిన గొడ్లలా కదలక మెదలక.
జెండాలు, దీపం, డైరీ
రిలీఫుకొచ్చిన కుర్రాడికి అప్పగించి
సంతకం పెట్టాను.
ఇక ఈ రాత్రికి నా నోరు నాది.

పట్టాలవతల సుక్రి హంతాల్ ఇల్లు.
పదకొండేళ్లుగా ఈ లైనులో
చలికాలానికి ఒక్క రాత్రైనా
ఆ ఎర్రమట్టి అరుగు మీద కూర్చుంటాను.
చోడి లందా నాకు కొత్త కాదు.
ఎప్పుడూ బూడిద రంగే, కాస్త పులుపు,
మా అమ్మ కాచే అంబలికి
చెడు సావాసం పట్టినట్టుంటుంది.

ఈసారి ఆనపబుర్ర వంచితే
అడ్డాకు దొప్పలోకి చీకటి దిగింది.

పొయ్యి వెలుగులో పెట్టి చూశాను.
నలుపు కాదు. అంచున ఎరుపు,
మంచులోంచి చూస్తే దూరపు సిగ్నలు
నీళ్లలో నానినట్టుంటుందే, ఆ ఎరుపు.
బుడగలు రెండో మూడో,
అవీ బద్ధకంగా.

వాసన ముందొచ్చింది.
పాకం ముదిరి మాడబోయే ముందు
బెల్లం వండేవాడు 'ఓరి నాయనో' అనే క్షణం ఒకటుంటుంది.
ఆ క్షణం వాసన.

గుక్కెడు తాగాను.
నాలుక కొసన తీపి తగిలింది గానీ నిలవలేదు.
వెనకాలే వేయించిన కాఫీ గింజ చేదు.
చిక్కదనం ఎంతంటే, అది గొంతులోకి జారదు,
ముసలాయన గోడ పట్టుకుని మెట్లు దిగినట్టు
నింపాదిగా దిగుతుంది.
దిగాక, చెంపల లోపల చింతతొక్కు పులుపు.
ఆఖర్న పొగ.
చిన్నప్పుడు బొగ్గింజను వెనక పెట్టెలో
కిటికీలోంచి తల పెడితే
పళ్ల మీద పడే నలుసు రుచి.

ఇవన్నీ పైకే చెప్పాను.
సుక్రికి నా తెలుగు సగం,
నాకామె దేశియా సగం,
మిగిలింది దొప్ప చూసుకుంది.
"మందువేరు మార్చావా? కాఫీ కలిపావా?
ఏమిటీ కిటుకు?"

ఆమె గడ్డంతో పైకి చూపింది.

కప్పులో ఒక మూల కొత్త గడ్డి, పచ్చగా,
తక్కినదంతా పాత బూడిద.
"మొలకలు అటక మీద ఆరబోశాను.
గాలి రాత్రి. పొయ్యి సెగ ఎగిసింది.
వీధి వీధంతా కుండలతో వస్తే ఇల్లు మిగిలింది.
మా అత్త నేసిన కెరంగు చీర పోయింది.
చోళ్లు సగం మాడాయి.
పారెయ్యమన్నారు అందరూ."
బుర్ర మళ్లీ వంచింది.
"మాడితే మాడాయి.
ముందు మొలిచాయి కదా."

నేను కాఫీ అన్నది వెదురు వాసం.
నేను బొగ్గింజను అన్నది
ఒక ముసలామె వేళ్లు రెండు వానాకాలాలు
కూర్చున్న నేత.
గుటక ఎటూ పోక
కాసేపు నోట్లోనే ఉండిపోయింది.
ఉమ్మలేను. మింగితే ఏదోలా ఉంది.

మింగాను. చెప్పకేం,
ఇంకా బాగుంది.

రెండో దొప్ప తర్వాత నోరు జారింది:
"మళ్లీ ఏడు కూడా ఇలాగే చెయ్యి, సుక్రీ."
ఆమె నవ్వింది,
నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.
పొగకో మరెందుకో.
"చేస్తాను. ఈసారి నీ డబ్బా తగలబెట్టు, కూర్మారావ్.
మొలకలు నేను తెస్తాను."

అడుగున మడ్డి మిగిలింది.
వేలితో తీసి నాకాను.

తెల్లారి వెనక్కి పోయే పాసింజర్లో
ఎవరో వలిసెపూల మోపు నా ఒళ్లో పడేసి నిద్రపోయారు.
మూడో సొరంగంలో, దీపాల్లేని పెట్టెలో,
పంటి సందున ఇరుక్కున్న గింజ ఒకటి
నాలుకకి తగిలింది.
ఒక కొసన గరుకు, మాడిన చోటు.
రెండో కొసన
వెంట్రుకంత తోక.

కొరకలేదు.
సొరంగం అయ్యేదాకా
అలా తడుముతూనే ఉన్నాను.