చూపుల లెక్క

నా ఉద్యోగం చూపులు లెక్కపెట్టడం.
ఎవరైనా అడిగితే కంప్యూటర్ పని అంటాను,
నిజం చెబితే నవ్వుతారని.

కోఠి ఆసుపత్రి రెండో అంతస్తులో
ఒకప్పటి దుప్పట్ల గది. కిటికీలకి నల్లగుడ్డ.
కింద పాత పుస్తకాల బేరాలు, బస్సుల హారన్లు.
తెర చిల్లులోంచి నా ఒక కన్ను,
మీట మీద నా బొటనవేలు.
బిడ్డ చూస్తే నొక్కాలి, చూపు తిప్పితే వదలాలి.
అంతే. దానికే జీతం.

ఇవాళ్టి బిడ్డకి ఇంకా పేరు లేదు.
మణికట్టు చీటీ మీద 'బేబీ ఆఫ్ జంగమ్మ',
పుట్టి నలభై గంటలు.
తన చెయ్యి తనదని తెలీదు.
అది ఎగిరొచ్చి ముక్కు మీద పడితే
ఎవరో కొట్టినట్టు ఉలిక్కిపడుతుంది.

తెర మీద పదమూడు చుక్కలు.
తల దగ్గర ఒకటి, భుజాలకి రెండు,
మోచేతులు, మణికట్లు, తుంట్లు, మోకాళ్లు, చీలమండలు.
ముఖం లేదు, చొక్కా లేదు.
ఆగి ఉంటే, ఎవరో ముగ్గుకని పెట్టి మరిచిపోయిన చుక్కలు.
కదిలితే మనిషి.

ఆ మనిషి మా వార్డుబాయ్ యాదగిరి.
పోయినేడు వానల్లో, కరెంటు పోయిన ఒక సాయంత్రం
ఒంటికి బుడ్డి బల్బులు అంటించుకుని
ఈ వరండాలోనే ఇరవై మార్లు నడిచాడు.
"గంతేనా మేడం? నడిస్తే పైసలిస్తరా?
ఉప్పుగూడ దాకా రోజూ ఉత్తగనే నడుస్తున్న కదా!"

చుక్కల్ని తలకిందులు చేస్తే
జంగమ్మ బిడ్డ గోడకేసి తిరిగి ఆవలించింది.
నిటారుగా నిలబెట్టగానే
కళ్లు అతుక్కుపోయాయి.
పదకొండు, పన్నెండు... ఇరవై సెకన్లు.

ఎవరు చెప్పారే నీకు?
మొన్నటిదాకా నీళ్లలో ఉన్నదానివి.
నడకంటే నీకు తెలిసింది
ఎనిమిదో నెల దాకా నానక్‌రామ్‌గూడలో
ఇటుకలు మోసిన మీ అమ్మ అడుగుల కుదుపే కదా.
డాక్టరమ్మ దగ్గర జవాబు ఉంది గానీ
దాని చివర ఎప్పుడూ ఒక 'బహుశా' ఉంటుంది.

మూడో నెలలో కొందరు మళ్లీ వస్తారు.
చేతులకి అతుక్కునే తొడుగులు వేస్తాం.
తగిలిన బంతి చేత్తోపాటే వచ్చేస్తుంది.
బార్కస్ నుంచి వచ్చిన సాలెహ్
తన పిడికిలి వంక ఎంతసేపు చూశాడో!
ఆ తర్వాత బంతి కోసం నేను చెయ్యి చాపితే
వాడు నా చేతిని చూడలేదు,
చెయ్యి ఇంకా చేరని బంతిని చూశాడు.
నాకేం కావాలో నాకంటే ముందు కనిపెట్టినవాళ్లు
ముప్ఫై ఆరేళ్లలో మరొకరు లేరు.

జూన్‌లో మూసారాంబాగ్ వంతెన దగ్గర
లారీ యాదగిరి బండిని గుద్దింది.
కుడి మోకాలిలో స్టీలు రాడ్డు.
ఇవాళే మళ్లీ డ్యూటీకొచ్చాడు,
అడుగుకోసారి పక్కకి ఒరుగుతూ.
తెర మీది చుక్కల్ని చూసి కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత అన్నాడు:
"గీ మనిషి మస్తు నడుస్తుండు."

మూడువందల మంది పిల్లలకి
ఈ లోకంలో కనబడిన మొదటి నడక నీదే అని
చెబుదామనుకున్నా.
ఇంతలో చాయ్ వచ్చింది. చెప్పలేదు.

తొట్టి తీసుకుపోవడానికి అతను వచ్చేసరికి
తెర ఆపేసి, లైటు వేసి ఉన్నాను.
కర్ర టక్కుమంది. ఒక ఒరుగు. మళ్లీ టక్కు.
తొట్టి ఈ చివర్నుంచి ఆ చివరికి
అతను వంగి నడుస్తుంటే
బిడ్డ కళ్లు కూడా వెంట కదిలాయి,
ఒరిగిన చోట కాస్త ఆగి, మళ్లీ కదిలి.

నా వేలు మీట మీదే ఉంది, నొక్కేశాను.
మెషీను ఆపి చాలాసేపయింది.
అయినా లెక్కపెట్టాను,
ముప్ఫై ఒకటి దాకా.