జోబు కొయ్యకు

ఏడురోడ్ల కూడలిలో, మెడికల్ షాపు మెట్ల మీద
రసీదు పుస్తకం కోసం చెయ్యి పెడితే
హ్యాండ్‌బ్యాగు నన్ను మోచేతి దాకా మింగింది.
ముందు దువ్వెన వచ్చింది, పళ్ళ సందున వెంట్రుకలతో.
తరవాత గ్యాసు బిళ్ళల అట్ట,
మూత ఊడిన పెన్ను, అది కక్కిన సిరా,
ఎప్పటిదో ఎండిపోయిన నారింజ తొన.
ఖాతాదారు వాచీ చూసుకున్నాడు.
నేను పోస్టాఫీసు ఆర్డీ ఏజెంటుని,
ఊళ్ళో వాళ్ళ డబ్బుని నెలనెలా వరసలో పెట్టే మనిషిని.

ఆ రాత్రి బీరువా కింద అర లాగాను.
స్టీలు సామాన్లవాడికి వెయ్యాలని
మూడు దసరాలుగా దాస్తున్న పాతబట్టల మూట.
గంగాళం అడిగితే గరిటె చేతిలో పెట్టి పోతాడు వాడు.
ఈసారి వాడికి గుడ్డపీలిక కూడా లేదు.

మొదట నైటీ.
నాకంటే ఎక్కువ పోపులు పెట్టింది,
ఎంత ఉతికినా ఇంగువ వదల్లేదు.
బిళ్ళలన్నీ దానికే అప్పగించాను,
కడుపుమంట సంగతి దానికి తెలుసు.
మా ఆయన లుంగీకి టేపు అక్కర్లేదు,
గడి వెంట కత్తెర నడిపితే చాలు:
నాలుగు గళ్ళు పాసుపుస్తకాలకి, రెండు రబ్బరుస్టాంపుకి.
పెళ్ళినాటి జాకెట్టు చెయ్యి కళ్ళజోడుకి గొట్టమయ్యింది.
అందులో నా చెయ్యి ఇప్పుడు మణికట్టు దాటదు.
మావాడి ఆరో తరగతి నిక్కరు
వెనకాల అతుకుతో సహా చిల్లరకి.
ఒకసారి చిరిగిన చోటే కదా
దారం ఎక్కువ ఉండేది.
మిషను లేదు. వంకరటింకర టాకాలు,
దోమలు కుడుతుంటే నేనూ కుడుతూ
పన్నెండు దాటించాను.

చేపల బజారులో పోలమ్మ
తడిచేతులు కుచ్చిళ్ళకి తుడుచుకుని
ఐదొందలు అందిస్తూ లోపలికి తొంగిచూసింది.
"ఏటమ్మా, సంచీలో ఇల్లు కట్టేసినావా?
గదులేటి, తలుపులేటి!"
నేను నవ్వాను. ఆమె నవ్వలేదు,
మనసులో ఏదో కొలుచుకుంటోంది.

తరవాతి నెల గార బస్సు దిగుతూనే
కవరులో మడతపెట్టిన చొక్కా తెచ్చింది.
నీలం చొక్కా, కాలరు ఉప్పుకి తెల్లబడింది.
మనిషి వేరావల్‌లో బోటు మీద ఉన్నాడు,
చొక్కా ఎనిమిది నెలలుగా ఇక్కడ దండెం మీద.
"ఫోనూ, గ్రూపు పుస్తకం ఎట్టుకోడానికి
ఒక సంచి కుట్టీయమ్మా.
తట్టలో పడేస్తే నీసు కంపు."
రెండడుగులు వేసి వెనక్కొచ్చింది.
"జోబు మాత్రం కొయ్యకు."

ఇంటికొచ్చి వేలు పెట్టి చూశాను.
నాలుగు మడతల బస్సు టికెట్టు.
ఉతుకుల్లో అక్షరాలు పోయాయి,
ఊరి పేరు లేదు, ధర లేదు,
ఉల్లిపొరంత కాగితం, అంతే.
చెత్తబుట్ట దాకా వెళ్ళిన చెయ్యి
ఎందుకో మళ్ళీ జోబు దగ్గరికే వచ్చింది.

చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పు వదిలి కోశాను.
లోపల లుంగీ మిగులు లైనింగు వేశాను,
గుండీల పట్టీని పైకి తిప్పి మూత చేశాను.
అతను పొద్దున్నే పెట్టుకున్న గుండీలు
ఇకమీదట ఆమె పెట్టుకుంటుంది.

కుట్టుకూలి నేను అడగలేదు, ఆమె ఊరుకోలేదు.
కాగితంలో చుట్టి కవ్వళ్ళు ఇచ్చింది.
నా బ్యాగులో ఇన్ని అరలున్నా
వాటికి ఏదీ కుదరలేదు.
ఎండలో చేత్తో పట్టుకునే నడిచాను,
వెనకాల రెండు పిల్లులు.

ఇంతా చేసి, నిన్న బస్సులో
కండక్టరు చెయ్యి చాపితే
చిల్లర ఏ అరలో పెట్టానో మరిచిపోయాను.
నైటీ విప్పాను, లుంగీ విప్పాను,
జాకెట్టు చేతిలో వెతికాను.
"ఏటమ్మా, దొరకలేదా?"
ఉండు బాబూ, అన్నాను గట్టిగా,
నిక్కరులో ఉంటాయి.
బస్సు బస్సంతా నా వైపు తిరిగింది.