మూడో కొక్కెం

నా ముంజేతి మీది పంటిగాటుకి ఎనిమిది రోజులు.
ఎరుపు పోయి పసుపొచ్చింది,
అంచులు మాత్రం ఇంకా నీలం.

ఫారంలో మూడు గడులుంటాయి:
ముందేం జరిగింది, అతనేం చేశాడు, ఆ తర్వాతేమైంది.
నడిమి గడి ఎప్పుడూ చాలదు నాకు.
కప్పు విసిరాడు, కుర్చీ తన్నాడు,
తలని తలుపుకేసి పదకొండుసార్లు కొట్టుకున్నాడు
(ఇంకేం చేయాలో తోచక లెక్కపెట్టాను),
అడ్డుపెట్టిన చెయ్యి కొరికాడు.
మొదటి గడిలో మాత్రం
ఒకరి రాత చూసి ఒకరం
అందరం ఒకటే రాస్తాం:
"కారణం లేదు."

మర్డోకి నలభై ఒకటి.
మాటలు రావు. అంటే, మాకొచ్చినవి రావు.
ఓమరూలో గాలి సముద్రం వైపు నుంచి తిరిగితే
మాకన్నా ముందు అతనికే తెలుస్తుంది.
టోస్టు మూడు మూలలుగా కోయకపోతే ముట్టడు.
చీకటి పడ్డాక నీలి పెంగ్విన్లు ఒడ్డెక్కి
గోడౌన్ల వెనక రోడ్డు దాటే వేళ
కిటికీ దగ్గర నిలబడి
వాటి బొంగురు అరుపుకి బదులిస్తాడు.

ఉద్యోగంలో చేరినప్పుడు రెండు రోజులు నేర్పారు:
జుట్టు పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలి,
తలుపుకి ఎంత దూరంలో నిలబడాలి.
విడిపించుకోవడం బాగానే వచ్చింది.
పట్టుకున్నవాడు ఎందుకు పట్టుకున్నాడో
మూడోరోజు చెబుతారనుకున్నాను.
మూడోరోజు డ్యూటీ వేశారు.

నిన్న రాత్రి అందరూ పడుకున్నాక
పాత ఫారాలన్నీ వంటింటి బల్ల మీద పరిచాను.
జూన్, జూలై, ఆగస్టు. అన్నీ వాన సాయంత్రాలే.
చెవిపోటేమో అన్నారట, డాక్టరు చుక్కల మందు రాశాడు.
తేమ పడదేమో అన్నారట, హీటరు కొన్నారు.
నేను గుమ్మంలో అతికించిన చాపకేసి చూస్తూ కూచున్నాను.
వాన పడితే నేను కోటుతో వస్తాను.
మొదటి రెండు కొక్కేలకీ ఇంటివాళ్ల కోట్లు,
నాలుగోది విరిగింది.
మూడోదానికి తగిలిస్తాను.
ప్రతి ఫారంలోనూ ఒక వాక్యం ఉంది,
మేమెవరం చదవకుండా రాసింది:
"సిబ్బంది వస్తువులు కింద పడేశాడు."

ఆ కొక్కెం కింద, రంగు వెలిసిన టేపు మీద
సగం చెరిగిన పేరు: హీని.

పొద్దున వ్యాను నడిపే బెర్నార్డుని అడిగాను.
"పదిహేడేళ్లు చేసింది. పసుపు రెయిన్‌కోటు.
కిందటేడు డ్యూటీ దిగి ఇంటికెళ్లింది, పడుకుంది, లేవలేదు."
"మర్డోకి ఎవరు చెప్పారు?"
తాళాలు వేళ్ల చుట్టూ తిప్పాడు.
"చెప్తే తెలుస్తుందా అని, సెఫీనా..."
అంతకన్నా ముందుకి సాగలేదు మాట.

నేను చెప్పాను. ఫోటో పెట్టి చెప్పాను.
హీని చనిపోయింది. ఇక రాదు.
నీ మీద కోపమొచ్చి కాదు.
అతను నాకేసి చూడలేదు.
ఫోటోని వాసన చూసి చొక్కాలోకి తోసుకున్నాడు.

శనివారం కొండ మీది శ్మశానానికి తీసుకెళ్లాను.
రాతి మీద పెట్టమని మూడు మూలల టోస్టు చేసిస్తే
అక్కడే కూచుని మొత్తం తానే తినేశాడు.
తిరిగొస్తూ వ్యానులో తన చెయ్యి తాను కొరుక్కున్నాడు,
చాలాసేపు.
మెరుగు అని రాయను దీన్ని.

ఇప్పుడు నా కోటు కారులోనే తడిగా ఉంటుంది,
గుమ్మం దాకా తడిసే వస్తాను.
మూడో కొక్కెం ఖాళీ.
వెళ్తూ వస్తూ దాన్ని ఒక వేలితో తాకుతాడు.

గురువారం, ఎండ కాస్తుండగా, కోటూ లేదు, వానా లేదు,
మళ్లీ కప్పు విసిరాడు.
ముక్కలు ఊడ్చి, ఫారం తీసి,
మొదటి గడిలో "కారణం" దాకా రాసి ఆగాను.
తర్వాత మెల్లగా
"నాకింకా తెలీదు" అని చేర్చాను.

గడిలో పట్టింది.