మక్కు

శనివారం శనివారం
బెజవాడ సైనిక సంక్షేమం ఆఫీసు నుంచి
మా కొండపల్లి బొమ్మల కాలనీకి వ్యాను వస్తుంది.
ఎనిమిది మంది దిగుతారు.
ఏడుగురు టీ అడుగుతారు.
దేవసహాయం మాత్రం
ముందు నేలని చూసుకుని
తర్వాత అడుగేస్తాడు.

నాకు యుద్ధం తెలీదు. పొనికి తెలుసు.
పచ్చి కర్రని పొట్టు సెగ మీద పెట్టి
తేమ చంపాలి, తొందరపడితే పగుల్తుంది.
మొదటి రోజు ఇదే చెప్పాను. ఇంకేం చెప్పను?
అతని ఎడమచేతికి వేళ్లు రెండున్నర.
కర్ర అదిమి పట్టడానికి అవి చాల్లే అన్నాడు మా మామ.
మామకీ ఒకటి తక్కువే,
అది ఉలి తినేసింది.

మేకవెంట్రుకల కుంచె ఇస్తే
ముప్పై డిగ్రీల వాలులో పట్టాడు.
ఇనుప చువ్వతో నేలని అలాగే పొడిచేవాడట
జానెడు జానెడు, పొద్దుట్నుంచి భోజనాల దాకా,
లోపల గట్టిగా ఏదైనా తగిలితే
ఊపిరి బిగబట్టి.
అంత మెత్తని చెయ్యి
మా వాడలో ఎవరికీ లేదు.
చీర అంచు గీత అతను గీస్తే
నేను దిద్దే పని లేదు.

పదకొండున్నరకి క్వారీలో పేలుడు.
మాకది గడియారం, ఎసరు పెట్టే టైము.
అతను బల్ల కింద ఉన్నాడు.
అంబారీ ఏనుగు తొండం విరిగింది,
గీత కార్మికుడు తాడిచెట్టుతో సహా పడ్డాడు.
ఎవరం మాట్లాడలేదు.
చింతపిక్కల జిగురులో రంపప్పొట్టు కలిపి
మక్కు ముద్ద బల్ల కిందికే అందించాను.
అక్కడే కూర్చుని తొండం అతికించాడు.
అతుకు ఇప్పటికీ కనిపిస్తుంది.
ఆ ఏనుగుని అమ్మలేదు
(అమ్ముడుపోలేదనే అనుకోండి, ఏం).

కౌన్సెలింగ్ మేడం కాగితం తెస్తుంది.
నిద్ర పడుతోందా, కోపం తగ్గిందా,
పదికి ఎన్ని మార్కులు వేస్తావ్?
నాకు చేతులు తెలుసు మేడం,
రాత్రుల సంగతి వాళ్లావిడనడగండి.
మార్తమ్మ అంది:
చొక్కా జేబుల్లో పొట్టు ఉంటోందండీ,
ఉతికే ముందు దులపాల్సొస్తోంది.
అది ఏ గడిలో రాయాలో
మేడం కాసేపు వెతుక్కుంది.

దసరా ముందు సొంత బొమ్మ చేస్తానన్నాడు.
తుపాకీ పట్టిన జవాన్ననుకున్నాం.
కుక్కని చేశాడు.
చెవులు నిక్కించి, బుద్ధిగా కూర్చున్న కుక్క.
తర్వాత ఇంకోటి. అదీ కూర్చునే ఉంది.
పన్నెండు చేశాడు, పన్నెండూ అంతే.
ఒక్కటన్నా నిలబడదేం మావయ్యా అంది మా పిల్ల.
మందుపాతర వాసన తగిలితే
మొరగదమ్మా, కూర్చుంటుంది.
అంతే చెప్పి
రంగు గిన్నె చాలాసేపు కడిగాడు.

దాని పేరు ఝుమ్రీ అని
రెండు వారాల తర్వాత అన్నాడు,
నాతో కాదు, మామతో.
ఆ రోజు కూడా అది కూర్చుందండీ.
నేనే చూళ్లేదు.

నిన్న వ్యానెక్కే ముందు
గుడ్డలో చుట్టిందేదో బల్ల మీద పెట్టి వెళ్లాడు.
ముందుకాళ్ల మీద గడ్డం ఆనించి
పడుకున్న కుక్క.
సుద్ద పూసి, రంగేసి, కళ్లు నాకొదిలాడు.
మా దగ్గర కళ్లు చివర్న వేస్తాం.
కుంచె నల్లరంగులో ముంచి ఆగాను.
దీనికి గుండ్రాలు కాదు,
రెండు సన్న గీతలు.

గీశాను.
ఆరేదాకా పిల్లల్ని
అటు పోనివ్వలేదు.