నీటిమట్టం రిజిస్టరు

ఈలీ పట్నానికి ఆరు మైళ్ళ అవతల
పొలాలు నదికంటే పల్లంలో ఉంటాయి.
ఇక్కడ నీళ్ళు వాటంతటవి పోవు, ఎక్కించాలి.
ఎక్కించేదాన్ని నేను.
పంపుహౌసు కాపలా. జీతం నెలకోసారి,
శత్రువు రోజూ.

వాడి పేరు ఊళ్ళో ఎవరూ పలకరు.
నాలుగొందల ఏళ్ళ కిందట ఈ బురదంతా తనదేనట.
కాలవలు తవ్వి, గాలిమరలు నిలబెట్టి,
మడుగు తర్వాత మడుగు ఎండగట్టి
బంగాళదుంపలు వేసుకున్న వాళ్ళందరి మీది పగా
నా ఒక్కదాని మీద తీర్చుకుంటున్నాడు.

మొదటి శీతాకాలం గట్టుకి గండి కొట్టాడు.
నా మోటారు పీకల్దాకా మునిగింది.
నేనూరుకున్నానా?
కొత్త పంపుకి పదును రెక్కలు బిగించాను.
తెల్లారేసరికి జాలీ నిండా వాడి మలుగుపాములు
తెగిన జడల్లా వేలాడాయి.
"మట్టం ఒక అడుగు తగ్గింది" అని రాశాను.
అందులో నెత్తురెంతో రాయడానికి గడి లేదు.

ఆ రాత్రే వచ్చాడు,
తలుపు సందులోంచి ముందు తడి, తర్వాత తను.
జుట్టు రెల్లు. గోళ్ళలో నల్లమట్టి.
"నీ పీక నులమడానికొచ్చాను" అన్నాడు.
"కాళ్ళు తుడుచుకుని రా" అన్నాను.
అనేశాక నాకే నవ్వొచ్చింది. వాడికి రాలేదు.
తుడుచుకున్నాడు మాత్రం.

అప్పట్నుంచి యుద్ధానికి వేళలు కుదిరాయి.
పగలు నేను తోడతాను, రాత్రి వాడు ఊరతాడు.
మధ్యలో ఓ గంట, ఇనప పొయ్యి దగ్గర,
ఒకరి నష్టాలు ఒకరికి చదివి వినిపించుకుంటాం.
నీ వల్ల ముప్పై ఎకరాల బీటుదుంప కుళ్ళింది.
నీ వల్ల ఆరు కొంగల గూళ్ళు ఖాళీ.
తిట్లు వాడివి పాత ఇంగ్లీషులో,
నావి నాయనమ్మ వాడిన తెలుగులో.
ఒక్క మాట పట్టుకున్నాడు: దిక్కుమాలినదానా.
దాన్నలా మెల్లగా, తేనె గీకినట్టు అనడం
నేను నేర్పింది కాదు.

జనవరిలో మంచు బిగిసింది.
పిల్లలు స్కేట్లు కట్టుకుని వాడి వీపంతా గీతలు పెట్టారు.
వాడు రాలేదు.
ఒక రాత్రి. రెండు. తొమ్మిది.
"ఇదే అదను, చివరి మడుగు కూడా తోడించెయ్"
అని బోర్డు నుంచి ఫోను.
నిజమే. శత్రువు గడ్డకట్టినప్పుడు కాక
ఇంకెప్పుడు కొడతారు ఎవరైనా?
గొడ్డలి తీసుకుని వెళ్ళాను.
మంచు కింద వాడి ముఖం
రసం పోయిన అద్దంలా మసకగా.
పెదవులు కదులుతున్నాయి.
ఆ మాటే అంటున్నాడు, వినక్కర్లేదు.

కొట్టాను.
మంచు పగిలి, మలుగులు ఊపిరి తీసుకునేంత
కన్నం పడేదాకా కొట్టాను.
అరచేతులు బొబ్బలెక్కాయి.
ప్రేమంటారా?
అప్పటికైతే దాన్ని
పని ఎగ్గొట్టడం అనే అనుకున్నాను.

మార్చిలో సముద్రం పోటు, వాన, ఉత్తరగాలి
మూడూ కూడబలుక్కుని వచ్చాయి.
ఊళ్ళో ఇసక బస్తాలు అయిపోయాయి.
గట్టు మొత్తం వాడి గుప్పిట్లో ఉంది,
నాలుగొందల ఏళ్ళ బాకీ
ఒక్క రాత్రిలో వసూలయ్యేది.
నీళ్ళు మెట్టు ఎక్కాయి. ఇంకో మెట్టు ఎక్కాయి.
మూడో మెట్టు మీద ఆగాయి,
కాళ్ళు తుడుచుకునే పట్టా అంచు దగ్గర.
తెల్లారేదాకా అక్కడే, వణుకుతూ,
మోయలేని బరువు ఎత్తుకున్న భుజంలా.

తలుపు నేనే తీశాను.

వాడు అనడం మానేశాను ఆ రోజు నుంచి.
అతను అనడానికి నోరు తిరగదు.
నువ్వు అంటే సరిపోతోంది.

నేల మాత్రం ఏటా కుంగుతూనే ఉంది.
ఎప్పటికో నువ్వే గెలుస్తావు, ఇద్దరికీ తెలుసు.
అందాకా పగలు తోడుతూనే ఉంటాను,
జీతం తింటున్నాను కదా.

ఇవాల్టి రిజిస్టరు:
మట్టం, మామూలే.
పంపు, రాత్రి రెండు గంటలు ఆపడమైనది.
కారణం, తెలియదు.