తప్పిన ముడి

హాప్సాలులో మార్చి నెల.
సముద్రం ఇంకా గట్టిగానే ఉంది,
మంచు మీద అక్కడక్కడా చేపలవాళ్ళ స్టూళ్ళు.
హెల్వే టీచర్ మూడో అంతస్తుకి
మెట్లెక్కి వచ్చాం నేనూ,
నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు ఊకూ,
కేబుళ్ళ సంచి మోసుకుంటూ.

పాత టీవీ పోయిన వారం పోయిందట.
"తెరంతా కుంచించుకుని నడిమధ్య ఒక్క చుక్కయింది,
తర్వాత ఆ చుక్క కూడా..."
దీపం మలిపినట్టు చేత్తో చూపించింది.
కొత్తది గోడంత నల్లద్దం.
ఎదురుగా నిలబడితే
ముందు మన ముఖాలే చూపిస్తుంది.
దాని కింద బల్ల మీద
బిస్కెట్ రంగుకి తిరిగిపోయిన తెల్ల కంప్యూటర్,
మీటల మీద అక్షరాలు సగం అరిగినవి,
ఊకు కంటే పద్నాలుగేళ్ళు పెద్దది.

దీని వెనక యాంటెన్నా తీగ దూరే గుండ్రటి కన్నం.
దాని వెనక పలచటి పలక నోరు.
మాట కలవని వియ్యంకులు.
నడుమ పేరయ్యలా కూచోబెట్టాను
అగ్గిపెట్టెంత కన్వర్టర్‌ని.
నీలం తెర: సిగ్నల్ లేదు.
పీకి, ఊది, మళ్ళీ గుచ్చాను.
సిగ్నల్ లేదు.
చెవిటివాడి ముందు శంఖం ఎంతసేపని ఊదను?
"ఉంది నాయనా," అంది వంటింట్లోంచి టీచర్,
"వినేవాళ్ళు లేరంతే."

పెట్టె పక్కన ఒక బుల్లి మీట కనిపించింది,
అరవై నుంచి యాభైకి జరపాలి.
నా గోరు పట్టలేదు.
ఆమె అల్లిక సూది పట్టింది.

వచ్చింది బొమ్మ,
తడి శాలువాని మేకుల చట్రానికి బిగించి లాగినట్టు
అడ్డంగా సాగిపోయి.
ఊకు రిమోట్ నొక్కి కొలతకి తెచ్చాడు,
అటూ ఇటూ నల్లటి పట్టీలు మిగిలాయి.
క్యాసెట్ ఆరు నిమిషాలు కీచుమంది.
టీ చల్లారింది.

అప్పుడు తెర మీద వరస వెంట వరస దిగింది
గంటపూల అల్లిక.
సహకార సంఘంలో లెక్కలు రాసే రోజుల్లో
రాత్రిళ్ళు కూచుని తనే రాసుకున్న ప్రోగ్రాం:
ఒకటంటే ముడి, సున్నా అంటే కంత.
పాత తెర మీద చుక్క చుక్కలోకి కారి
ఉన్నిలా ఉండేదట.
ఇక్కడ ఏ చుక్కకాచుక్క,
అంచులు కోసిన పలకలు.
"ఇది శాలువా కాదు," అంది, "బాత్రూం గోడ."

ఊకు లెక్కపెడుతున్నాడు.
వాడికి ఏది చూసినా లెక్కపెట్టే జబ్బు.
"ఇరవై ఏడో వరసలో
ఒక ముడి తప్పింది టీచర్."

కళ్ళజోడు తుడిచి చూసింది.
బీరువా తీసి, కాగితం మడతల్లోంచి
ఒక శాలువా పట్టుకొచ్చి
తెర వెలుగుకి అడ్డంగా ఎత్తింది.
ఉంది, అదే చోట, అదే బోసి.
ముప్పై మూడేళ్ళు.
సాయంత్రం తరగతుల్లో ఎంతమంది ఆడపిల్లలు,
ఎన్ని మెడల మీదుగా వెళ్ళిందో ఆ కంత.

నాకు తెలుసు. చెప్పలేదు.
మా ఆవిడ తాలి ఆమె దగ్గరే నేర్చుకుంది.
ఇరవై ఏడో వరసకి రాగానే ఒక ముడి వదిలేసి,
"ఇక్కడ ఊపిరి తీసుకోవాలి,
టీచర్ పద్ధతి" అంటుంది,
మా అమ్మాయికి కూడా అలాగే నేర్పింది.

టీచర్ వేలు ఒకటో అంకె మీద
చాలాసేపు ఉంది.
తర్వాత అడిగింది,
"దీన్ని కాస్త మసగ్గా చెయ్యడం కుదరదా?"
ఊకు మెనూలన్నీ వెతికి
పదును సున్నాకి దించాడు. చాల్లేదు.
ఆమె లేచి, శాలువాని
టీవీ భుజాల మీదుగా వేసింది.
ఉన్ని సందుల్లోంచి వెలుగు కారి
చుక్కలు ఒకదాన్నొకటి తాకాయి.

పన్నెండు యూరోలు తీసుకున్నాను.
మెట్లు దిగుతూ వాడికి తాలి సంగతి చెప్పాను.
"ఊ" అన్నాడు,
పేరులో సగం మాత్రం ఖర్చుపెట్టి.