పదకొండో అంగి

ఒక్కటే రంగు, ఒక్కటే కొలత,
పదకొండు నీలం అంగీలు
సత్వాల మా లాండ్రీ బల్ల మీద కుప్పవోసిండ్రు
సినిమా కంపెనీ పిల్లలు.
"హీరో ఒక్కడే గద అన్నా?"
"కాఫీ పడే సీను. ఎన్ని టేకులవుతాయో తెలీదు."

ఏడుసార్లు పడ్డదట.
రాత్రి పన్నెండింటికి ఏడు తెచ్చి
పొద్దుగాల ఆరింటికల్ల కావాలన్నరు.
కాఫీ మరకకు ముందుగాల చల్లనీళ్లు,
తర్వాత సిర్కా, చిటికెడు సబ్బు,
లోపలి దిక్కునుంచి వేలికొసతోని
మెల్లగ బయటికి నెట్టాలె.
తొందరపడితే బట్టకు యాదుంటది.

ఎండకాలంల సినిమా వచ్చింది.
దేరాల, శుక్రారం రాత్రి ఆట, నేను, దిల్‌రుక్షి.
పక్క టైలర్ దుకాణంల కాజాలు కుడ్తది, కురునెగల దిక్కామె.
మా నడుమ ఉన్నది విరిగిన హిందీ,
అదిగూడ చెరో దిక్కు విరిచినం.

తెర మీద దుబాయ్.
పన్నెండేండ్లల్ల నేను చూడని దుబాయ్.
కాఫీ హోటల్ల కూసున్నోళ్లంత తెల్లటోళ్లు,
ఆ రోజు మమ్ముల పక్కకు జరుపంగ మిగిలినోళ్లు.
నన్ను జరిపిన చెయ్యి యాదికున్నది,
మర్యాదగనే జరిపింది.

హీరోయిన్ వచ్చి గుద్దింది. కాఫీ పడ్డది.
ఆయన కోపంగ చూసి
కోపం సగంల మర్శిపోయిండు.
వెంటనే సముద్రం ఒడ్డు, గాలి, అదే అంగి.
దిల్‌రుక్షి చెయ్యి గట్టిగ పట్టుకున్న.
"చూసినవా?"
"ఏంది?"
"మరక లేదు!"
ఆ కాఫీకి ఈ సముద్రానికి నడుమ
రెప్పపాటంత సందుల
నేను రాత్రంత నిలబడి ఉన్న.

హీరోకు దోస్తొకడు, డ్రైవర్, నల్లగ, పొట్టిగ,
నోరు తెరిస్తే మా కోరుట్ల.
"గట్లనా సార్" అనంగనే హాలంత నవ్వుడు.
ఈతకొలన్ల పడ్డడు, నవ్వుడు.
ఇంటికి ఫోన్ చేసి బిడ్డను పేరుపెట్టి పిలిచిండు,
దానికి గూడ.
నేను గూడ నవ్విన, అందరి వెనుక,
ట్రంకాల్ల మాట ఆలస్యంగ ముట్టినట్టు.
తెలుగు ఒక్క ముక్క రాని దిల్‌రుక్షి
చెవిల అడిగింది:
"ఈయన నీ లెక్క మాట్లాడుతుండు.
ఈయన పిల్ల ఎవరు?"
"లేదు."
"ఎందుకు?"
ఇంటర్వెల్ పడ్డది.

తలుపు తీసే పనామె ఒకామె ఉన్నది.
మూడుసార్లు తీసింది. మూడోసారి "మేడమ్" అన్నది.
దిల్‌రుక్షి నిటారుగ కూసున్నది.
వాళ్ల ఊరిదో, మనీలాదో, ఎవలకెరుక,
పేర్లు పడేటాళ్లకు లైట్లేసి
చీపుర్లు పట్టుకొని వచ్చిండ్రు.

కంపెనోళ్లు పది అంగీలే తీస్కపోయిండ్రు.
పదకొండోది హ్యాంగర్‌కున్నది,
చీటీ నంబరు నాలుగువందల ఆరు.
"ఏస్కో" అన్నది దిల్‌రుక్షి ఒక మాపటీలి.
భుజాలు జారినయి. హీరో భుజాలు.
నోట్లె గుండుసూదులు పట్టుకొని
కొలత తీసుకుంట, కదలద్దని కన్నుతోని బెదిరిచ్చింది.
"కాఫీ పొయ్యవా మీద?" అన్న.
సూదులన్ని అరచేతిల ఉమ్మి
"మరకెవరు తీస్తరు?" అన్నది,
నవ్వొచ్చి ఇంకో సూది నేలమీద రాలింది.

అంతట్ల ఆమె సేటు పిలిచిండు,
అబాయా అంచు కుదించాలెనట, జల్దీ.
పోయింది.
ఒక చెయ్యి కొలతకొచ్చింది.
ఎడమ భుజం ఇంక జారే ఉన్నది.